పవర్ సీట్లు బాగున్నాయి, కానీ మోటారుకు కళ్లు లేవు

కారు కొని ఎనిమిది నెలలైంది. ముందు రెండూ పవర్ సీట్లే, అంటే స్విచ్ నొక్కితే మోటారుతో కదిలేవి. డ్రైవర్ సీటుకు మెమరీ కూడా ఉంది, మనం సర్దుకున్న తీరును గుర్తుపెట్టుకుని బటన్ నొక్కగానే సీటును అక్కడికే తెస్తుంది. కొనేటప్పుడు "చేత్తో లాక్కుంటే సరిపోయేదానికి మోటారెందుకు, దండగ" అన్నది నేనే. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం మాత్రమే.

నాది 5 అడుగుల ఎత్తు. పాత కారులో కడ్డీ ఎత్తి సీటు జరిపితే ఒక గాడి ఎక్కువో తక్కువో, సరిగ్గా కావాల్సిన చోట ఎప్పుడూ ఆగేది కాదు. ఇందులో ఆ బాధ లేదు. స్విచ్ కూడా సీటు ఆకారంలోనే ఉంటుంది, అడ్డంగా ఉన్న ముక్క కూర్చునే భాగానికి, నిలువుగా ఉన్నది వీపు భాగానికి, చూడకుండానే వేళ్లకు తెలిసిపోతుంది. సీటు పైకి లేపుకున్నాక బానెట్ కనిపించడం నా డ్రైవింగ్‌లో ఇదే మొదటిసారి!

అయితే పొట్టివాళ్లం చేసే తప్పు నేనూ చేశాను, పెడల్ అందాలని మరీ ముందుకు జరిగిపోయాను. ఎయిర్‌బ్యాగ్ ఒక్కసారిగా విచ్చుకుంటుంది కాబట్టి స్టీరింగ్ మధ్య నుంచి రొమ్ము ఎముకకు కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. టేపు పెట్టి కొలిస్తే నాకు 19 వచ్చింది. వీపు భాగం కొంచెం వాల్చి, స్టీరింగ్‌ని లోపలికి నెట్టి సర్దుకుంటే 26కి వచ్చింది. బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉంది, వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడింది, ఇక అదే మెమరీ 1లో పెట్టేశా.

మెమరీ 2 మా ఆయనది, ఆరడుగుల మనిషి. గొడవంతా దానితోనే. ఒకరోజు బండి ఆగే ఉంది, మా అబ్బాయి డ్రైవర్ సీటు వెనకే కూర్చుని కింద పడిన పెన్సిల్ కోసం వంగాడు, ఈయన డోర్ తీసి అలవాటుగా 2 నొక్కారు. సీటు మెల్లగా వెనక్కి వెళ్తూనే ఉంది, వాడి మోకాళ్లకు తగిలినా ఆగలేదు. వాడి కేకకు ఈయన కంగారుగా పక్క స్విచ్ నొక్కితే ఆగింది. దెబ్బేమీ తగల్లేదు కానీ నాకు ఇప్పటికీ ఆ బటన్ అంటే టెన్షనే. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "అది ఫీచర్ మేడమ్" అన్నారు. అడ్డం వస్తే ఆగకపోవడం కూడా ఫీచరేనా? ఇంజిన్ ఆపగానే దిగడానికి వీలుగా సీటు దానంతటదే వెనక్కి జరిగేది, మెనూలోకి వెళ్లి ముందు దాన్ని ఆపేశాను.

ఇంకోసారి సీటు కింద నీళ్ల సీసా ఇరుక్కుని మోటారు మూలిగింది. అప్పుడు అలాగే నొక్కుతూ ఉండకూడదు, ఫ్యూజు పోవచ్చు, వెంటనే వదిలేసి రెండో వైపు జరిపి సీసా తీయాలి, అదీ సీటు పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. ఇంజిన్ ఆపి ఉన్నా మా కారులో ఈ స్విచ్‌లు పనిచేస్తాయి, కాబట్టి పిల్లల్ని కారులో వదిలి దిగొద్దు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది సీటు కదిలే ఆ మెత్తదనమే. శబ్దం లేదు, కుదుపు లేదు, దాంతో నడుస్తున్న బండిలోనే సర్దుకోవాలనిపిస్తుంది. మా ఆయన అలాగే చేసేవారు. పొరపాటున ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే బ్రేక్ మీది కాలు అందకుండా పోతుంది. పక్క సీట్లో పూర్తిగా వాల్చి నిద్రపోయేవాళ్ల సంగతి మరీ ఘోరం, బెల్టు భుజాన్ని వదిలేసి గాల్లో ఉంటుంది, గట్టిగా బ్రేక్ పడితే మనిషి దాని కిందనుంచి జారిపోతాడు.

సౌకర్యానికి 5కి 5 ఇస్తా, మెమరీకి 2. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే డ్రైవర్ సీటు వెనక ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి మెమరీ బటన్ నొక్కి చూడండి, ఆగుతుందో నలిపేస్తుందో.