ముందే అడగాలా, చూపించాక అడగాలా?

సామాన్లతో సహా అద్దెకిచ్చే ఫ్లాటును అడిగినవారందరికీ చూపించి, నచ్చిందన్నవారితో తర్వాత మాట్లాడటం ఒక పద్ధతి. ఫోనులోనే నాలుగు ప్రశ్నలు అడిగి, సరిపడేవారినే రమ్మనడం రెండోది. నా మొగ్గు రెండోదానికే.

ఖాళీ ఇంటికైతే మొదటి పద్ధతితో పెద్ద చిక్కు లేదు. సామాన్లున్న ఇంట్లో మాత్రం వచ్చిన ప్రతివారూ సోఫాలో కూర్చుని చూస్తారు, బీరువా తెరుస్తారు, ఫ్రిజ్ తలుపు లాగుతారు. పాత అద్దెదారు ఇంకా అక్కడే ఉంటే ఆయన మందులు, కాగితాలు, ల్యాప్‌టాప్ అన్నీ కొత్తవాళ్ల కంట పడతాయి. అంతా చూశాక "మా మంచాలు మాకున్నాయి, మీవి తీసేస్తారా?" అంటారు. ఫోనులో నిమిషంలో తేలిపోయే విషయమది!

కాబట్టి ఎప్పుడు దిగుతారు, ఎన్నాళ్లుంటారు, ఎంతమంది, అద్దె కట్టే ఆదాయం ఉందా, సొంత సామాను ఎంత అన్నవి ముందే అడగాలి. అందరినీ అవే ప్రశ్నలు అడగాలి. మతం, పెళ్లి, పిల్లల్ని కనే ఆలోచన లాంటివి అడగడం తగదు.

అయితే ఇల్లు చూడకముందే గుర్తింపు పత్రాలు, జీతం రసీదులు, అడ్వాన్సు కోరడం తప్పు. మోసగాళ్లు చేసేది సరిగ్గా అదే, జాగ్రత్తపరులు వెంటనే వెనక్కి తగ్గుతారు. పత్రాలు ఇల్లు నచ్చాకే అడగాలి. వాళ్ల పాత ఇంటి యజమానికి ఫోను చేసి కనుక్కోవడమూ అప్పుడే. సామాన్ల జాబితా, ఫోటోలు, ఇద్దరి సంతకాలు తాళాలిచ్చే రోజున.