లైవ్ క్లాసా, రికార్డు చేసిన పాఠమా?

డిగ్రీ కాలేజీలో ఆన్‌లైన్ బోధనకు సిద్ధమేనా అని అడిగితే అందరూ లాప్‌టాప్ గురించే మాట్లాడతారు. అసలు లెక్క పిల్లల ఫోన్ డేటాది.

లైవ్ క్లాసు వీడియో 1.2 ఎంబీపీఎస్ (సెకనుకు 1.2 మెగాబిట్లు; 8 బిట్లు ఒక బైటు) వేగంతో వస్తే గంటకు 540 ఎంబీ ఖర్చు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాడికి మూడో క్లాసు ముగియకముందే నెట్ నెమ్మదిస్తుంది. పైగా జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకే ఆగిపోతుంది. సరిగ్గా లెక్క సగంలో ఉండగా! మాస్టారు కెమెరా ఆపి, స్లైడ్లూ గొంతూ మాత్రమే పంపితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఈ చిన్న సంగతి చాలామందికి తట్టదు.

రికార్డు పాఠం 500 కేబీపీఎస్‌లో (సెకనుకు 500 కిలోబిట్లు) 10 నిమిషాలకు 37.5 ఎంబీ చాలు. కరెంటు పోయినా రాత్రి చూసుకోవచ్చు, అర్థంకాని చోట వెనక్కి జరపొచ్చు. కానీ మాస్టారికి పని రెట్టింపు. ఫోన్‌ను స్టాండుకు బిగించి నోటుపుస్తకం మీదికి వంచాలి, కాలర్ మైకు పెట్టుకోవాలి, ఫ్యాన్ ఆపాలి. ఫ్యాన్ హోరు మాటల్ని మింగేస్తుంది. గంట పాఠాన్ని ఒకే ఫైలుగా పెడితే చివరిదాకా చూసేవాళ్లు తక్కువ; 10 నిమిషాల ముక్కలుగా కొయ్యాలి.

సందేహాలకు మాత్రం లైవే మేలు. అక్కడా మైకు ఆన్ చేసి అడగడానికి పిల్లలు జంకుతారు, చాట్‌లో తెలుగు టైపింగ్ రాక ఊరుకుంటారు. ప్రశ్నలు ముందురోజే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా తెప్పించుకుంటే, అరగంట లైవ్ సరిపోతుంది.