బాడ్స్ పరీక్షల పెట్టె: మార్కులు ఇంటి పనిని ఎంతవరకు చెబుతాయి?

పనిని తలపెట్టి, వరుస నిర్ణయించుకొని, అవసరమైతే మధ్యలో దారి మార్చుకొని పూర్తిచేసే నిర్వహణ సామర్థ్యాన్ని కొలవడానికి మెదడు-మనస్తత్వ నిపుణురాలు బార్బరా విల్సన్ బృందం 1996లో బ్రిటన్‌లో వెలువరించిన ‘బాడ్స్’ అనే పరీక్షల పెట్టెను, మెదడు దెబ్బతిన్నవారి కోసం నడిచే మా పునరావాస విభాగంలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. అంతకుముందు ఎక్కువగా, చెప్పకుండా మారే నియమాన్ని పసిగడుతూ కార్డులను వర్గీకరించే విస్కాన్సిన్ కార్డుల పరీక్షపైనే ఆధారపడేవాళ్లం. అందులో చక్కగా రాణించిన ఒక పెద్దాయన, కూరగాయలకని బయలుదేరి, దారిలో కరెంటు బిల్లు గుర్తొచ్చి, రెండూ చేయకుండానే ఇంటికి తిరిగి వస్తున్నారని ఆయన భార్య చెప్పేవరకు నాకు తెలియలేదు. 1985లో ఎస్లింగర్, దమాసియో వర్ణించిన ఇ.వి.ఆర్. అనే రోగి కూడా మెదడులో కణితి తీసిన తరువాత పరీక్షల్లో నెగ్గి, బతుకులోని నిర్ణయాల దగ్గర ఓడిపోయారు.

బాడ్స్‌లోని ఆరు పరీక్షల్లో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ‘సిక్స్ ఎలిమెంట్స్’కు. మూడు రకాల పనులు, ఒక్కొక్కటి రెండేసి భాగాలు. పది నిమిషాల్లో ఆరింటినీ కొంతైనా చేయాలి, ఒకే రకానికి చెందిన రెండు భాగాలను వెంటవెంటనే చేయకూడదు. ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద అన్నం పెట్టి, మధ్యలో పిల్లల క్యారేజీ సర్దే మనిషికి కావలసిన నేర్పు సరిగ్గా ఇదే. కాలాన్ని అంచనా కట్టే ప్రశ్నలు మాత్రం మనవారికి పనికిరావు: డబ్బు తీసుకొని ఇళ్ల కిటికీలు తుడిచే మనిషిని ఎన్నడూ చూడని రైతు, అతనికి ఎంతసేపు పడుతుందో తప్పు చెబితే, ఆ తప్పు మెదడుది కాదు.

అసలు చిక్కు పరీక్ష జరిగే గదిలోనే ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, ఏ నియమం పాటించాలో నేనే చెబుతాను. బల్ల ఖాళీగా ఉంటుంది, ఫోను మోగదు. రోగిలో లోపించిన సామర్థ్యాన్ని ఆ కాసేపు నేనే అరువిస్తున్నాను. అందుకే రోజువారీ ఇబ్బందులను అడిగే, పెట్టెలోని 20 అంశాల ‘డెక్స్’ ప్రశ్నావళిని రోగి చేతా, ఇంట్లోవారి చేతా విడివిడిగా నింపించకుండా నివేదిక రాయకూడదని నా అభిప్రాయం. 2013లో టోప్లాక్, వెస్ట్, స్టానోవిచ్ చేసిన సమీక్షలో ఇటువంటి పరీక్షలకూ, రోజువారీ ప్రవర్తనను అడిగే ప్రశ్నావళులకూ మధ్య సహసంబంధపు మధ్యగత విలువ 0.19 మాత్రమే (పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0), అంటే ఈ రెండూ ఒకే విషయాన్ని కొలవడం లేదు.

బాడ్స్ పెట్టెను కొనదలచిన ఆసుపత్రి విభాగాలు కొనవచ్చు, కానీ దానితో ఆగకూడదు. షాలిస్, బర్జెస్ 1991లో రోగులను దుకాణాల వీధికే పంపి చూశారు. నేనూ ఇప్పుడు నాలుగు పనులు చీటీ మీద రాసిచ్చి, రోగిని మందుల షాపు దాకా పంపి, పది అడుగుల వెనుక నడుస్తున్నాను.