జామరా, మైక్రోవేవా? మన ఘాట్ మీదకి దొంగ డ్రోన్ వస్తే ఏది నయం

2024 అక్టోబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఒకేసారి ఎగరేశారు కదా, అవి పర్మిషన్‌తో వచ్చినవి, మరి దసరా రద్దీలో పర్మిషన్ లేనిదొకటి దుర్గమ్మ కొండ మీదకొస్తే ఏంటి అన్నదే నా భయం.

జామర్ డ్రోన్‌ని కాల్చదు, రిమోట్ నుంచి వచ్చే సిగ్నల్ కంటే గట్టిగా అదే ఫ్రీక్వెన్సీలో గోల చేస్తుంది, ఎక్కువగా 2.4, 5.8 గిగాహెర్ట్జ్, దాంతో డ్రోన్‌కి ఓనర్ మాట వినపడదు, సెట్టింగ్‌ని బట్టి అక్కడే ఆగుతుంది, లేదా దిగిపోద్ది, లేదా బయల్దేరిన చోటికే వెళ్లిపోద్ది. ఓనర్ దూరంగా, జామర్ దగ్గరగా ఉంటే పని ఇంకా ఈజీ. కానీ ఆ చుట్టుపక్కల వైఫై, బ్లూటూత్ కూడా ఆగిపోవచ్చు. పైగా ఉక్రెయిన్ యుద్ధంలో సన్నటి ఫైబర్ దారం లాక్కుంటూ ఎగిరే డ్రోన్లు వచ్చేశాయి, వాటికి ఓనర్ మాట ఆ దారంలోనే అందుద్ది, రేడియోతో పనే లేదు, జామర్ ఎంత అరిచినా వేస్టే.

హై పవర్ మైక్రోవేవ్ అంటే బాగా శక్తి ఉన్న రేడియో తరంగాలు వదిలే ఆయుధం, అది జామర్‌లా కాదు, నేరుగా లోపలి సర్క్యూట్లనే దెబ్బతీస్తది, ఫైబర్ ఉన్నా ఆటోపైలట్ ఉన్నా ఒకటే, గుంపుగా వచ్చినా ఒక్క దెబ్బకి పడగొట్టగలదు. అమెరికా వాళ్ల థోర్ అలాంటిదే. కాకపోతే చచ్చిన డ్రోన్ రాయిలా కిందపడుద్ది, కింద క్యూలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులుంటారండీ!

అందుకే ఘాట్ల దగ్గర జామరే ఉండాలి, అదీ పోలీసుల చేతిలోనే, మనం సొంతంగా కొని వాడటం చట్టరీత్యా నేరం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ లాంటి చోట, జనం లేని వైపు గురిపెట్టేలా అయితే మైక్రోవేవ్‌కే నా ఓటు.