తీగ ఉన్న క్షిపణా, లేనిదా: ఏది మేలు?

ట్యాంకు విధ్వంసక క్షిపణుల మాట వస్తే మొదట వినబడే ప్రశ్న, ఎంత మందం కవచాన్ని చీలుస్తుందని. కార్నెట్, జావెలిన్, స్పైక్ ఎల్‌ఆర్ మూడింటిలోనూ ఒకదాని వెంట ఒకటి పేలే జంట వార్‌హెడ్లే (కవచాన్ని చీల్చే పేలుడు భాగాలే) ఉన్నాయి కాబట్టి ఆ లెక్క పక్కన పెడదాం. క్షిపణి వెళ్లాక వదిలినవాడి గతేమిటన్నదే నాకు ముఖ్యం.

రష్యా కార్నెట్ లేజర్ కిరణం వెంట నడుస్తుంది. ట్యాంకు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే దాదాపు 20 సెకన్లు గురిని దాని మీదే నిలపాలి, కదలడానికి లేదు. 1973 అక్టోబరు యుద్ధంలో ఈజిప్టు సైనికులు సోవియట్ క్షిపణి మల్యుత్కాను సన్నని తీగతో, జాయ్‌స్టిక్‌తో నడిపినప్పుడూ ఇదే తంటా. ఇజ్రాయెల్ ట్యాంకుల వాళ్లు క్షిపణి బయలుదేరిన చోటు మీదికే కాల్పులు కురిపించడం నేర్చుకున్నారు. గురిపెట్టినవాడే గురి అయ్యాడు. కార్నెట్‌లో తీగ పోయింది గానీ ఆ బెడద పోలేదు.

అమెరికా జావెలిన్‌లో సీకర్, అంటే లక్ష్యాన్ని వెతికే ముక్కు పరికరం, లక్ష్యం పరారుణ చిత్రాన్ని (వేడిని బట్టి కనిపించే చిత్రాన్ని) ముందే పట్టుకుంటుంది. మీట నొక్కగానే సైనికుడు అక్కడి నుంచి జారుకోవచ్చు. క్షిపణి పైకి లేచి, కవచం పలచగా ఉండే పైకప్పు మీద పడుతుంది. అయితే ట్యాంకు కంటికి ఎదురుగా ఉండాలి. ఇనుమూ నేలా ఒకే వేడిలో ఉండే సంధ్యవేళల్లో చిత్రం మసకబారుతుంది. వదిలాక మనసు మార్చుకునే వీలూ లేదు.

ఇజ్రాయెల్ స్పైక్ ఎల్‌ఆర్‌కు ముక్కున కెమెరా, వెనుక విచ్చుకుంటూ పోయే, కెమెరా చిత్రాన్నీ సైనికుడి ఆదేశాలనూ మోసే ఫైబర్ తీగ. గుట్ట అవతలి ట్యాంకు జాడ డ్రోన్ చెబితే చాలు, అటు వదిలి, దారిలో తెర మీద చూస్తూ లక్ష్యాన్ని ఎంచుకోవచ్చు. తీరా అది ఎప్పుడో కాలిపోయిన ట్యాంకని తేలితే పక్కదానికి మళ్లించవచ్చు. రేడియో సంకేతాలను చెదరగొట్టే జామర్లు తీగను ఏమీ చేయలేవు. తీగల కాలం చెల్లిందన్నవాళ్లు, 2024 నుంచి ఉక్రెయిన్‌లో ఫైబర్ లాక్కుంటూ ఎగురుతున్న డ్రోన్లను చూడాలి! మెలిక ఒకటుంది: డ్రోన్ నుంచి కబురు వచ్చేది చాలాసార్లు రేడియోలోనే. అది తెగితే స్పైక్ కూడా కనిపించినదాన్నే కొట్టాలి.

డ్రోన్లూ, వాటితో సంబంధాలూ నిలిచే దళానికైతే నా ఓటు స్పైక్‌కే. ట్యాంకు కిలోమీటరున్నరలోకి వచ్చేసి, దాన్ని ఎదుర్కోవడానికి ఇద్దరే సైనికులుంటే మాత్రం జావెలిన్. కనిపించే లక్ష్యాన్ని ముందే పట్టించి స్పైక్‌నూ పేల్చి వెళ్లిపోవచ్చు, కాకపోతే దానికి ముక్కాలి స్టాండు పరచాలి. జావెలిన్‌ను భుజం మీద నుంచే పేల్చి పరుగెత్తవచ్చు.