ఉచిత గడువు ముగిశాక నా కారు నావిగేషన్

కారు కొనేటప్పుడు డ్యాష్‌బోర్డులోనే అమర్చిన నావిగేషన్ కావాలని పట్టుబట్టి పై వేరియంట్ తీసుకున్నాను. కంపెనీ ఇచ్చిన ఉచిత గడువు ఉన్నంతకాలం దాన్నే వాడాను. గడువు తీరాక చాలా నెలలు డబ్బు కట్టకుండా నడిపాను. తర్వాత ఒక ఏడాదికి సబ్‌స్క్రిప్షన్ తీసుకుని చూశాను. ఇప్పుడు మళ్లీ కట్టడం లేదు. కడితే ఏం వస్తుంది, కట్టకపోతే ఏం పోతుంది అన్నది రెండు వైపుల నుంచీ తెలిసింది కాబట్టి, కొత్త కారు కొనబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మంచి సంగతి చెప్పాలి, అది చిన్నది కాదు. కారు సరిగ్గా ఎక్కడుందో తెలుసుకోవడంలో ఫోన్ కంటే ఇది బాగా ముందుంది. పొడవైన సొరంగంలోకి వెళ్తే ఫోన్‌లోని చుక్క ఆగిపోతుంది, లేదంటే పక్క రోడ్డు మీదికి ఎగిరిపోతుంది. కారు స్క్రీన్ మీది బాణం మాత్రం మనతోపాటే కదులుతుంది. ఫ్లైఓవర్ ఎక్కామా, కింద సర్వీస్ రోడ్డులోనే ఉన్నామా అని ఫోన్ తడబడే చోట ఇది చాలాసార్లు సరిగ్గా పట్టుకుంటుంది. సెల్లార్ పార్కింగ్ నుంచి పైకి రాగానే ఎటు తిరగాలో వెంటనే చెబుతుంది. ఫోన్ అయితే కాస్త దూరం వెళ్తే గానీ దిక్కు తేల్చుకోదు, ఆలోపు మలుపు దాటిపోతాం.

దీనికి కారణం ఉంది. ఫోన్‌కు ప్రధానంగా ఉపగ్రహాల సిగ్నల్, లోపలి చిన్న సెన్సర్లే దిక్కు. కారుకు వీటితోపాటు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో తెలుసు, బండి ఎటు ఎంత మళ్లిందో తెలుసు, పైకప్పు మీద మంచి యాంటెన్నా ఉంటుంది. అసలు కారు నావిగేషన్ మొదలైందే ఉపగ్రహాలు లేకుండా. 1981లో హోండా తెచ్చిన ఎలక్ట్రో గైరోకేటర్‌లో బండి ఎటు మళ్లిందో పసిగట్టే, హీలియం వాయువుతో పనిచేసే గైరో ఉండేది, మ్యాపులు పారదర్శకమైన ఫిల్ముల మీద ఉండేవి. 1985లో వచ్చిన ఈటాక్ నావిగేటర్ మ్యాపులను క్యాసెట్ల నుంచి చదివేది. దానికి దిక్సూచి, చక్రాల సెన్సర్లే ఆధారం. జీపీఎస్‌ను కారులో అమర్చి అమ్మింది 1990లో, మాజ్డా వాళ్ల యూనోస్ కాస్మోలో. అప్పటికీ అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే సిగ్నల్‌ను కావాలనే కాస్త తప్పుగా పంపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ ఆంక్ష ఎత్తేశారు. అన్నేళ్లపాటు సిగ్నల్‌ను పూర్తిగా నమ్మలేని పరిస్థితిలో ఇంజినీర్లు నేర్చుకున్న విద్యే ఇవాళ మన కారును సొరంగంలో దారి తప్పకుండా చూస్తోంది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ నైపుణ్యం మొత్తం కారులోనే ఉంది. సెన్సర్లకు, యాంటెన్నాకు కారు ధరలోనే డబ్బు ఇచ్చేశాం. ఉపగ్రహాల సిగ్నల్‌కు ఎవరూ చార్జీ వసూలు చేయరు. సబ్‌స్క్రిప్షన్ లేకపోయినా ఈ భాగం అలాగే పనిచేయాలి. నా కారులో పనిచేస్తోంది కూడా.

వాడకంలో ఇంకొన్ని సుఖాలున్నాయి. మలుపు బాణం స్పీడోమీటర్ పక్కనే వస్తుంది, తల తిప్పి చూడక్కర్లేదు. ఎండలో స్టాండుకు పెట్టిన ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారే బాధ లేదు. దారి మధ్యలో ఫోన్ కాల్ వచ్చినా మ్యాప్ మాయం కాదు.

ఇక గడువు తీరిన తర్వాతి సంగతి. మొదట కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ 'రెన్యూ చేసుకోండి' అన్న మెసేజ్ మొదలైంది. తర్వాత రోడ్ల మీద ఎరుపు, పసుపు రంగుల్లో కనిపించే లైవ్ ట్రాఫిక్ పోయింది. ఫోన్‌లో వెతికిన చిరునామాను కారుకు పంపే సదుపాయం పోయింది. ఇంటర్నెట్ ద్వారా దానంతట అదే వచ్చే మ్యాప్ అప్‌డేట్లు ఆగిపోయాయి. కారులో నిల్వ ఉన్న మ్యాప్, దారి లెక్కించడం, గొంతుతో మలుపులు చెప్పడం మాత్రం మిగిలాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాటతో వెతకడం ఆగిపోవడం. అంతకుముందు బటన్ నొక్కి ఊరి పేరు చెబితే సరిపోయేది. ఆ మాటను అర్థం చేసుకునే పని కంపెనీ సర్వర్లలో జరుగుతుందట, అందుకే గడువుతోపాటు అదీ పోయింది. ఇప్పుడు చిరునామాను స్క్రీన్ మీద ఒక్కో అక్షరం నొక్కుతూ కొట్టాలి. డ్రైవింగ్ సీట్లో ఉన్న మనిషి కళ్లు రోడ్డు మీద ఉండటానికి పనికొచ్చే సౌకర్యం ఇది. దీన్ని డబ్బుతో ముడిపెట్టి తీసేయడం నాకు ఏ రకంగానూ సమంజసంగా అనిపించడం లేదు.

నా కారులో కనీసం మ్యాప్ మిగిలింది. కొన్ని కొత్త కార్లలో దారి లెక్కించే పని కూడా సర్వర్లోనే జరుగుతుంది. మ్యాప్ ముక్కలు ముక్కలుగా ఇంటర్నెట్ నుంచి వస్తుంది. అలాంటి కార్లలో గడువు తీరితే నావిగేషన్ మొత్తం ఆగిపోతుంది. బయటికి రెండు స్క్రీన్లూ ఒకేలా ఉంటాయి, రెండింటినీ నావిగేషన్ పేరుతోనే అమ్ముతారు. ఈ తేడాను షోరూమ్‌లో మనం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, అడిగినా చాలామందికి తెలియదు.

డబ్బు కట్టని కాలంలో మ్యాప్ పాతబడటం కళ్ల ముందే కనిపించింది. నేను తరచూ వెళ్లే దారిలో కొత్త బైపాస్ వేశారు. దాని మీద వెళ్తుంటే స్క్రీన్ మీద కారు ఏ రోడ్డూ లేని ఖాళీ స్థలంలో పోతూ కనిపిస్తుంది, 'వీలైతే యూటర్న్ తీసుకోండి' అని గొంతు చెబుతూనే ఉంటుంది. వన్‌వేగా మార్చిన రోడ్డులోకి ఎదురుగా వెళ్లమంటుంది. తెలిసిన ఊళ్లో అయితే పట్టించుకోం. కొత్త ఊళ్లో, రాత్రిపూట ఇలా చెబితే నిజంగానే టెన్షన్.

అందుకే కట్టి చూద్దామనుకున్నాను. మ్యాపులు తయారుచేయడం ఖర్చుతో కూడుకున్న పనే, దాన్ని నేను కాదనను. కెమెరాలతో బండ్లు రోడ్లన్నీ తిరగాలి, మారిన ప్రతి గుర్తునూ నమోదు చేయాలి. ఆ పని చేసే నావ్‌టెక్ అనే సంస్థను నోకియా 2008లో సుమారు 810 కోట్ల డాలర్లకు కొన్నది. అదే తర్వాత హియర్ అయింది. 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కలిసి దాన్ని సుమారు 280 కోట్ల యూరోలకు కొనడానికి ఒప్పందం చేసుకున్నాయి. మూడు పోటీ కంపెనీలు ఒక్కటై కొన్నాయంటే మ్యాప్ విలువ ఏపాటిదో తెలుస్తుంది. ఆ పనికి డబ్బు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరం అమ్మే పద్ధతి మీద. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, నాకు మ్యాప్ అప్‌డేట్లు, ట్రాఫిక్ చాలు అన్నాను. "విడివిడిగా లేవండీ, మొత్తం ప్యాకేజీ తీసుకోవాలి" అన్నారు. ఆ ప్యాకేజీలో ఫోన్ నుంచి తలుపులు లాక్ చేయడం, కారులో వైఫై, ఇంకా నేను ఎప్పుడూ తెరవని సేవలు చాలా ఉన్నాయి. పాత రోజుల్లో మ్యాప్ డీవీడీ అమ్మేవారు. ఖరీదు ఎక్కువే, కానీ ఒకసారి కొన్నాక అది మనది. ఇప్పుడు కొంటున్నది గడువును. ఇంకోటి కూడా గమనించండి: తీసుకునేటప్పుడే 'ఆటో రెన్యూవల్' ఆన్ అయి ఉంటుంది. స్క్రీన్ మీద రెండు నొక్కుల్లో మొదలయ్యే సబ్‌స్క్రిప్షన్‌ను ఆపడానికి నేను ఫోన్ చేసి లైన్లో వేచి ఉండాల్సి వచ్చింది.

కట్టిన తర్వాత ట్రాఫిక్ రంగులు తిరిగొచ్చాయి. హైవేల మీద, పెద్ద రోడ్ల మీద సమాచారం బాగానే ఉంటుంది. లోపలి వీధుల్లోకి వస్తే దాదాపు ఖాళీ. జేబులో ఉన్న ప్రతి ఫోనూ తన వేగాన్ని పంపుతుంటుంది కాబట్టి ఫోన్ మ్యాపులకు సందుల్లోని రద్దీ కూడా తెలుస్తుంది. కారు సేవకు అంతమంది వాడకందారులు లేరు. ముందు జామ్ ఉందని కారు చెప్పేసరికి నేను జామ్‌లోనే ఉన్న సందర్భాలున్నాయి. ఎన్ని గంటలకు చేరతామో చెప్పడంలోనూ ఫోన్ అంచనాయే నిజానికి దగ్గరగా ఉండేది.

అంతకంటే నిరాశ మ్యాప్ విషయంలో. అప్‌డేట్ దిగింది, వెర్షన్ నంబరు మారింది, ఆ బైపాస్ మాత్రం రాలేదు. ఏడాది ముగిసేలోపు వచ్చిన చివరి అప్‌డేట్‌లో గానీ అది కనిపించలేదు. ఫోన్‌లో అది ఎప్పటి నుంచో ఉంది. నేను రెన్యూ చేయకపోవడానికి ఇదే అసలు కారణం. డబ్బు తీసుకుని ఇచ్చే మ్యాప్, ఉచితంగా దొరికే మ్యాప్ కంటే వెనకబడి ఉండకూడదు కదా.

ఎలక్ట్రిక్ కారు సంగతి వేరు. బంధువుల ఎలక్ట్రిక్ కారును దూర ప్రయాణాల్లో నడిపాను, అందులో కారు నావిగేషన్‌ను వదులుకోమని నేను చెప్పను. బ్యాటరీలో ఎంత ఉందో, ఎత్తు ఎక్కే రోడ్డులో ఎంత ఖర్చవుతుందో దానికి తెలుసు. ఎక్కడ ఆగి ఎంతసేపు ఛార్జ్ చేయాలో దారితోపాటే లెక్క వేస్తుంది. ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి చేరేలోపు బ్యాటరీని తగిన ఉష్ణోగ్రతకు తెచ్చిపెడుతుంది, దాంతో ఛార్జింగ్ వేగంగా అవుతుంది. ఫోన్ యాప్‌కు చాలా కార్లలో ఈ వివరాలేవీ అందవు. అక్కడ సబ్‌స్క్రిప్షన్ కట్టడం నాకు న్యాయంగానే అనిపించింది. టెస్లాలో మామూలు నావిగేషన్‌కు నెలవారీ చార్జీ లేదు. స్క్రీన్ మీద లైవ్ ట్రాఫిక్ రంగులు, శాటిలైట్ చిత్రాలు కావాలంటేనే ప్రీమియం కనెక్టివిటీ తీసుకోవాలి. అయితే 2022 జులై నుంచి కొత్త ఆర్డర్లకు ఆ మామూలు నావిగేషన్‌తో వచ్చే ఉచిత ఇంటర్నెట్ కనెక్టివిటీకి కూడా 8 ఏళ్ల హద్దు పెట్టారు.

ఆ 8 ఏళ్ల మాట చదివినప్పుడు నాకు అసలు సమస్య కనిపించింది. కారు పదిహేనేళ్లు నడుస్తుంది, దానిలోని నెట్‌వర్క్ అంతకాలం ఉంటుందన్న నమ్మకం లేదు. 2022లో అమెరికాలో పెద్ద టెలికం కంపెనీలు 3జీని మూసేసినప్పుడు లక్షల కార్లలో ఇంటర్నెట్‌తో నడిచే సేవలు ఆగిపోయాయి. కొన్ని మోడళ్లకు కొత్త మోడెమ్ అమర్చే మార్గమే లేదు, డబ్బు కడతామన్నా సేవ దొరకదు. బండి ఇంకా దృఢంగానే ఉంటుంది, తెలివి మాత్రం పోతుంది.

అయితే కంపెనీలు వేసే ఇలాంటి చార్జీలకు అడ్డు చెబితే ఫలితం ఉంటుందన్నది మాత్రం నిజం. యాపిల్ కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో కార్లలోకి వచ్చాయి. ఫోన్ మ్యాప్‌ను కారు స్క్రీన్ మీదే చూసుకునే వీలు వాటితో కలిగింది. బీఎండబ్ల్యూ అమెరికాలో కార్‌ప్లేకు ఏడాదికి 80 డాలర్లు వసూలు చేసేది. కొనుగోలుదారుల నుంచి వ్యతిరేకత వచ్చింది, 2019 డిసెంబరులో చార్జీ ఎత్తేశారు. సీట్లను వెచ్చగా ఉంచే సదుపాయానికి నెలనెలా డబ్బు తీసుకునే పథకాన్ని కూడా 2023లో అదే కంపెనీ మానుకుంది. మరోవైపు జనరల్ మోటార్స్ తన రాబోయే ఎలక్ట్రిక్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉండవని 2023లో ప్రకటించింది. ఈ ధోరణి నాకు భయం కలిగిస్తోంది. ఫోన్ మ్యాప్‌ను స్క్రీన్ మీదికి రానివ్వకపోతే, సబ్‌స్క్రిప్షన్ నచ్చకపోయినా కట్టక తప్పని స్థితి వస్తుంది.

ప్రైవసీ గురించీ ఒక మాట. రెన్యూ చేసినప్పుడు నా ప్రయాణాల వివరాలు పంచుకోవడానికి అనుమతి అడిగే పేజీ వచ్చింది, ఒప్పుకోకపోతే ట్రాఫిక్ సేవ మొదలవదు. మొజిల్లా సంస్థ 2023లో 25 కార్ బ్రాండ్ల ప్రైవసీ విధానాలను పరిశీలిస్తే ఒక్కటి కూడా గట్టెక్కలేదు. ఆ పేజీని చదవకుండా 'సరే' నొక్కకండి.

ప్రస్తుతం నేను రోజువారీ రద్దీకి ఫోన్ మ్యాప్‌ను కారు స్క్రీన్ మీద పెట్టుకుంటున్నాను. సిగ్నల్ అందని ఘాట్ రోడ్లలో, సొరంగాలున్న దారుల్లో కారు మ్యాప్‌కు మారుతున్నాను. పరికరంగా దీనికి 5కు 4 ఇస్తాను, దాని చుట్టూ అల్లిన సబ్‌స్క్రిప్షన్‌కు 2 దాటి ఇవ్వలేను.

కొనబోయేవాళ్లు షోరూమ్‌లో తప్పకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మ్యాప్ కారులో నిల్వ ఉంటుందా, లేక నెట్ ఉంటేనే వస్తుందా? గడువు తీరాక ఏవేవి ఆగిపోతాయి? అప్‌డేట్‌ను పెన్ డ్రైవ్‌తో వేసుకునే వీలుందా? కారు అమ్మితే మిగిలిన గడువు కొన్నవాళ్లకు బదిలీ అవుతుందా? జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. టెస్ట్ డ్రైవ్ కారులో అన్ని సేవలూ ఆన్ చేసి ఉంటాయి కాబట్టి, వీలైతే సేల్స్ వాళ్లతో ఇంటర్నెట్ ఆపించి ఒకసారి దారి వెతికి చూడండి. సెకండ్‌హ్యాండ్ కారు తీసుకునేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, అమ్మేవాళ్లు చూపించే సేవలు వాళ్ల అకౌంట్‌తోపాటే వెళ్లిపోవచ్చు.

మ్యాప్ అప్‌డేట్ ఒక్కటే విడిగా, ఒకసారి కొంటే కారు ఉన్నంతకాలం నా దగ్గరే ఉండేలా అమ్మితే వెంటనే కొంటాను. ఈ మాటే కంపెనీకి మెయిల్ రాశాను. 'మీ సూచనను సంబంధిత విభాగానికి పంపాం' అని జవాబు వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. రెన్యూ చేయమనే మెసేజ్ మాత్రం ఇంకా వస్తూనే ఉంది.