పూల వెంట మూడు రోజులు: కడియం నుంచి అంబాజీపేట దాకా

డిసెంబరు ఆఖరి వారంలో అమ్మా నేనూ గోదావరి జిల్లాలకు వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాం. ధనుర్మాసంలో అక్కడ ఏ పూలు పూస్తాయి, ఏం వండుకుంటారు, అవి చూసి, తిని రావాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక. తనకు మోకాళ్ల నొప్పులు కాబట్టి రోజుకు మరీ ఎక్కువ చోట్లు పెట్టుకోలేదు. ఆ నిర్ణయమే మా ప్రయాణాన్ని బాగు చేసిందని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదటి రాత్రి రాజమండ్రిలో, గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక హోటల్లో దిగాం. నది కనిపించే గది అని చెప్పి 2,400 రూపాయలు తీసుకున్నారు. కిటికీ తెరుచుకోలేదు. అద్దంలోంచి చూస్తే ఏసీ డబ్బా, దాని పక్క సందులో చారెడంత నీళ్లు. పొద్దున్నే నాలుగున్నరకు బయల్దేరతామని ముందే చెప్పినా ఆరు దాటితే గానీ వేడినీళ్లు రావన్నారు. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, రిసెప్షన్ కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు. అయినా ఆ గదికి ఆ డబ్బు దండగ. నదిని చూడాలంటే సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే చాలు. ఒకపక్క పాత హేవలాక్ వంతెన, రైళ్లు ఆగిపోయి పాతికేళ్లు దాటినా అలాగే నిలబడి ఉంది. చలికి కొంగు కప్పుకుని అమ్మ హారతి అయ్యేదాకా లేవలేదు.

మర్నాడు చీకటితోనే ఆటో మాట్లాడుకుని కడియపులంక పూల మార్కెట్‌కు వెళ్లాం. హైవే పక్కనే ఉంటుంది. ఈ ప్రయాణంలో ఒక్కటే చూడగలిగే వీలుంటే నేను దీన్నే చూస్తాను. మంచులో లైట్లన్నీ పసుపు ముద్దల్లా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు బండ్ల మీద మూటలు తెచ్చి దించుతున్నారు. మూట విప్పగానే లోపలి నుంచి వెచ్చటి ఆవిరి వస్తుంది, రాత్రంతా బిగించిన పూలు కదా. బంతిపూల ఘాటు, మరువం వాసన, తడి గోనెసంచి వాసన అన్నీ కలిసిపోయి ఉంటాయి. చామంతుల్లోనే ఎన్ని రంగులో! తెల్లవి, పసుపువి, ఇటుక రంగువి, లేత ఊదావి. విడి పూలు కిలోల లెక్క, కట్టినవి మూరల లెక్క. శీతకాలం కాబట్టి మల్లెలు లేవు, వాటి చోటు కాగడా పూలు తీసుకున్నాయి. కనకాంబరానికి వాసన ఉండదు గానీ ఆ నారింజ రంగు కుప్ప ముందు నిలబడితే వాసన సంగతే గుర్తుకు రాదు.

అమ్మ అరకిలో చామంతులు అడిగింది. అక్కడ అంతా టోకు వ్యాపారం, అరకిలో ఎవరిస్తారని నాకు మొహమాటం. ఆ కొట్టావిడ మాత్రం "అయ్యో, పర్లేదు పిన్నిగారూ, దేవుడికే కదండీ" అని తనే కూర్చుని ఏరి ఇచ్చింది. బాగా విచ్చుకున్న పెద్ద పువ్వును అమ్మ చేతిలోంచి తీసి పక్కన పెట్టి, చిన్నది ఒకటి పైకెత్తి చూపించింది. "బొడ్డు చూడండి, ఇంకా గట్టిగా ఉంది. ఇది రెండు రోజులు నిలుస్తుంది. అది రేపటికే రేకులు రాల్చేస్తుంది." పూలు కొనడం మొదలుపెట్టి యాభై ఏళ్లయిన అమ్మ, కొత్తగా నేర్చుకున్నట్టు తలూపింది.

ఇక్కడికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆరున్నరకల్లా చేరిపోండి. మేం తిరిగొచ్చేటప్పటికే సగం అరుగులు ఖాళీ అయ్యాయి. టాయిలెట్ సౌకర్యం ఉంటుందని నమ్మి పెద్దవాళ్లను తీసుకెళ్లకండి, గదిలోనే అన్నీ చూసుకుని బయల్దేరండి.

కడియం నర్సరీలు వేల ఎకరాల్లో ఉంటాయి, అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేం. ఒక్కదాన్ని ఎంచుకుని తిరిగాం. గోదావరి ఒండ్రు మట్టి, కాలవ నీళ్లు, అంటు కట్టే చేతులు, ఈ మూడూ ఒకేచోట దొరకబట్టే ఇక్కడ ఇంత పెద్ద వ్యాపారం నిలదొక్కుకుంది. కొత్త సంవత్సరం దగ్గర పడటంతో కొన్నిచోట్ల మొక్కల్ని పేర్చి అక్షరాలు, బొమ్మలు తయారు చేస్తున్నారు. వాటి ముందు ఫోటోల కోసం జనం బాగానే ఉన్నారు. నాకు నచ్చింది మాత్రం వెనక షెడ్డులో గులాబీకి కన్ను కట్టే పని. నాటు గులాబీ కాండం మీద కత్తితో చిన్న గాటు, దానికి అడ్డంగా ఇంకో గాటు. బెరడు రెండు పక్కలా తలుపుల్లా తెరుచుకుంటుంది. మేలు రకం కొమ్మ నుంచి గోరంత కన్ను, అంటే చిగురు మొలిచే మొగ్గ, తీసి అందులోకి జార్చి, ప్లాస్టిక్ రిబ్బనుతో చుట్టేస్తారు, కన్ను కొన మాత్రం బయటికి వదిలి. ఆ అమ్మాయి చేతి కింద ఒక్కో మొక్కకు నిమిషం పట్టలేదు. వీటిలో ఎన్ని పట్టుకుంటాయని అడిగితే, "నీళ్లు తగలకుండా కడితే దాదాపు అన్నీనండి" అంది, తలెత్తకుండానే.

మధ్యాహ్నం ధవళేశ్వరం మీదుగా బ్యారేజీ దాటాం. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది, తర్వాత దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ వచ్చింది. గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలేది ఇక్కడే. బొబ్బర్లంక వైపు దిగగానే రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి తోటలు, కాలవ గట్లు. దారిలో తంపటి వేసిన తేగలు కట్టలుగా అమ్ముతున్నారు. నాలుగు కొని ఆటోలోనే ఒలుచుకుని తిన్నాం. నడిమి చందమామ, అంటే లోపలి లేత మొలక, నాకిచ్చి, నారంతా అమ్మ నమిలింది.

మిగతా రెండు రాత్రులు ఆత్రేయపురం దగ్గర కొబ్బరి తోటలో ఒక ఇంట్లో ఉన్నాం. రెండు గదులు అద్దెకిస్తారు. భోజనాలతో కలిపి రోజుకు 1,800. లోపాలు ముందే చెప్తాను: దోమలు విపరీతం, ఫోన్ సిగ్నల్ అరుగు మీదే దొరుకుతుంది, రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఇంటావిడ రాత్రికి కంద బచ్చలి కూర వండారు. కంద మెత్తగా ఉడికి, బచ్చలి అందులో కరిగి, చివర్లో ఆవపిండి ఘాటు. అమ్మ మూడోసారి వడ్డించుకుంది.

తెల్లవారుజామున ఐదున్నరకు ఆవిడ టార్చిలైటు పట్టుకుని పాదు దగ్గరకు వెళ్తుంటే మేమూ వెంట వెళ్లాం. గుమ్మడి పువ్వు తెల్లవారే వేళ విచ్చుకుంటుంది, ఎండెక్కితే ముడుచుకుపోతుంది. మంచు బొట్లతో బరువెక్కి, అరచేయంత వెడల్పున, గుడ్డు సొన రంగులో ఉంది. మగపూలే కోయాలని, పిందె ఉన్న ఆడపువ్వు జోలికి పోకూడదని ఆవిడ చెప్పారు. వాకిట్లో ముగ్గు నడుమ గొబ్బెమ్మలు పెట్టి ఒక్కోదాని మీద ఒక్కో పువ్వు గుచ్చారు. "మీరూ ఒకటి పెట్టండి వదినగారూ" అని ఆవిడ పిలవగానే అమ్మ మోకాళ్ల సంగతి మర్చిపోయి కూర్చుండిపోయింది. పది దాటేసరికి ఆ పూలు వాడిపోయాయి. అంతసేపు వాటిని చూడగలిగాం, అది నాకు ఎంతో తృప్తి.

ఆ రోజే ఊళ్లో పూతరేకులు చేసే ఇంటికి వెళ్లాం. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటాయి. పాలంత పల్చటి బియ్యప్పిండి నీళ్లలో బట్ట ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. కళ్లు ఆర్పేలోగా తెల్లటి పొర తేలుతుంది, దాన్ని అంచు పట్టి ఎత్తడమే. రేకు వెనక నుంచి కుండ నలుపు, చేతి గాజులు కనిపిస్తాయి. "మంట పెరిగితే మాడిపోద్ది, తగ్గితే అంటుకుపోద్దండి" అని చెప్తూనే ఆవిడ కాలితో ఇంకో ఆకు లోపలికి నెట్టింది. ఎక్కడ కొన్నా, ముందు ఒకటి రుచి చూసి కొనండి. దారిలో ఒక కొట్లో ఆశపడి కొన్న డబ్బాలో నెయ్యి వాసన తేడాగా ఉంది. ఈ ఇంట్లో చేసినవి నాలుక మీద పెట్టగానే నెయ్యి, బెల్లం మాత్రమే మిగిలాయి.

ర్యాలి జగన్మోహిని కేశవస్వామి గుడి దగ్గరే. ముందు విష్ణువు, వెనక మోహిని, ఒకే నల్లరాతిలో. వెనక వైపు జడ చెక్కిన తీరు తప్పక చూడండి. లొల్ల లాకుల దగ్గర అరగంట కూర్చున్నాం. నదిలో బోటు షికారు మాత్రం మాకు నచ్చలేదు, స్పీకరు హోరులో నీళ్ల చప్పుడే వినపడలేదు.

చివరి రోజు పొద్దున అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు నాలుగు ఈనెపుల్లలతో గుచ్చి బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడివేడిగా ఆకు ఒలిస్తే ఇడ్లీ ఒంటి మీద ఆకు ఈనెలన్నీ అచ్చుపడి ఉంటాయి. కొబ్బరి చట్నీ వేసుకునే ముందు ఒక ముక్క ఉత్తిదే తినండి, పనసాకు వాసన అప్పుడే తెలుస్తుంది. బల్లలు ఇరుకు, నిలబడి తినాల్సి రావచ్చు.

బయల్దేరేటప్పుడు ఇంటావిడ మా సంచిలో రెండు కొబ్బరికాయలు పెట్టి, "మే నెలలో రండి వదినగారూ, మామిడి తాండ్ర చాపల మీద ఎండుతుంటుంది, మల్లెలూ ఉంటాయి" అన్నారు. రైలెక్కాక అమ్మ ఒళ్లో చామంతుల పొట్లం విప్పి ఒక్కో పువ్వు బొడ్డు నొక్కి చూసుకుంది. ఒక్క రేకూ రాలలేదు. తర్వాత నా ఫోన్ తీసుకుని మే నెల క్యాలెండర్ తెరిచి, ఎండలు ముదరక ముందు మొదటి వారమే మంచిదంటూ సెలవులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.